కానుక మీద సుంకం

డిసెంబరు వచ్చింది. సంఘాల్లో యువకులు నక్షత్రాలు కడుతున్నారు. పాటల బృందాలు రాత్రిళ్లు సాధన చేస్తున్నాయి. ఏటా ఈ రోజుల్లో మన ఇళ్లలో ఇంకో సందడి కూడా ఉంటుంది. అమెరికాలోనో, ఇంగ్లండులోనో, ఆస్ట్రేలియాలోనో ఉన్న పిల్లలకు అమ్మానాన్నలు క్రిస్మస్ డబ్బా సర్దే సందడి. అరిసెలు, సున్నుండలు, కారప్పొడి, ఒక చీర, మనవరాలికి గౌను. ఈ ఏడు మాత్రం ఆ డబ్బా దగ్గర సంతోషం కన్నా లెక్కలే ఎక్కువ వినబడుతున్నాయి.

గత ఆదివారం ఆరాధన ముగిశాక మా సంఘంలోని ఒక తల్లి మా దగ్గరకు వచ్చారు. ఆమె కూతురు డల్లాస్‌లో ఉంటుంది. కూతురు వాట్సాప్‌లో ఫొటో చూసి ఎంచుకుని, డబ్బు కూడా తానే పంపిన 12 వేల రూపాయల చీర ఒకటి. దానితోపాటు తల్లి తన చేత్తో చేసిన అరిసెలు, పిల్లకు కొన్న గౌను, మరో నాలుగు వేల రూపాయల సామాను. "అయ్యగారూ, పంపడానికే వేలకు వేలు అడుగుతున్నారు. పైగా అక్కడ పన్ను కట్టాలంట. కొరియర్ అబ్బాయేమో మొత్తం గిఫ్ట్ అని రాసి, విలువ ఐదొందలు వేసేస్తే సరిపోద్దండీ అంటున్నాడు. అలా రాస్తే తప్పేనా?" అని అడిగారు.

ఈ ప్రశ్న ఆమె ఒక్కరిది కాదు. విదేశాల్లో పిల్లలున్న ప్రతి ఇంటిదీ. విదేశీ వెబ్‌సైటులో పుస్తకమో, మైకో, కెమెరా భాగమో కొనాలనుకునే ప్రతి యువకుడిదీ. అందుకే ఈ వారం సంపాదకీయాన్ని దీనికే కేటాయిస్తున్నాము. అసలు ఏం మారింది, ఎందుకు మారింది, భారం ఎవరి మీద పడుతోంది, మనం ఏం చేయాలి అన్నవి వరుసగా చూద్దాం.

ఏం మారింది?

అమెరికాలో 1930 నాటి సుంకాల చట్టానికి 1938లో ఒక చిన్న వెసులుబాటు చేర్చారు. మరీ తక్కువ విలువ గల సరుకు మీద సుంకం వసూలు చేయబోతే, వచ్చే సుంకం కన్నా వసూలు ఖర్చే ఎక్కువవుతుంది కాబట్టి దాన్ని వదిలేయవచ్చు అన్నది దాని ఉద్దేశం. ఆ పరిమితి కాలక్రమంలో పెరుగుతూ 200 డాలర్లకు చేరింది. 2016లో ఒక్కసారిగా 800 డాలర్లయింది. అంటే 2025 చివరి మారకం ధరలో సుమారు 72 వేల రూపాయల సరుకు వరకు, ఒక వ్యక్తికి ఒక రోజులో వచ్చే పార్సిలు మీద సుంకం లేదు. మన తల్లిదండ్రులు ఇన్నేళ్లు పంపిన డబ్బాలన్నీ ఈ వాకిలి గుండానే నిశ్చింతగా వెళ్లాయి. మనలో చాలామందికి అలాంటి వాకిలి ఒకటుందని కూడా తెలియదు.

2025లో ఆ వాకిలి మూతపడింది. మే 2న ముందుగా చైనా, హాంకాంగ్ సరుకులకు మూశారు. జూలై 30న అధ్యక్షుడు ట్రంప్ ఇచ్చిన ఉత్తర్వుతో ఆగస్టు 29 నుంచి ప్రపంచ దేశాలన్నిటికీ మూశారు. సరిగ్గా ఆ రోజుల్లోనే భారతదేశపు సరుకుల మీద అదనపు సుంకం రెండు విడతలుగా వచ్చింది. ఆగస్టు 7న 25 శాతం, 27న మరో 25 శాతం, మొత్తం 50 శాతం. చిన్న పార్సిలుకున్న రక్షణ పోవడం, సుంకం రెట్టింపు కావడం ఒకే వారంలో జరిగాయి.

ఆ తర్వాత కలిగిన గందరగోళాన్ని మనం కళ్లారా చూశాం. సుంకం ఎవరు వసూలు చేయాలి, ఎలా కట్టాలి అన్నది తేలకపోవడంతో విమాన సంస్థలు తపాలా సంచులను తీసుకోవడానికి వెనుకాడాయి. మన తపాలా శాఖ ఆగస్టు 25 నుంచి అమెరికాకు పార్సిళ్లు ఆపింది. ఉత్తరాలకు, 100 డాలర్ల లోపు కానుకలకు మొదట మినహాయింపు ఇచ్చినా, నెలాఖరుకు అవీ ఆగిపోయాయి. మన ఒక్క దేశమే కాదు. 88 తపాలా సంస్థలు అమెరికాకు సేవలను పూర్తిగానో కొంతవరకో నిలిపివేశాయని అంతర్జాతీయ తపాలా సమాఖ్య చెప్పింది. ఆగస్టు 29న అమెరికాకు వెళ్లిన తపాలా, అంతకు వారం ముందుతో పోలిస్తే 81 శాతం పడిపోయింది.

ఇక్కడ ఒక విచిత్రం గమనించాలి. పుస్తకాలు, పత్రికల వంటి సమాచార సామగ్రికి ఈ అదనపు సుంకం వర్తించదు. అయినా ఆ ఆరు వారాలు తపాలాలో తెలుగు బైబిలు పంపాలన్నా దారి లేదు. చట్టం వద్దనలేదు, మోసేవాడు లేడు. పెద్దల నిర్ణయాలు హడావిడిగా అమలైనప్పుడు, ఆ నిర్ణయంతో సంబంధం లేనివారు కూడా ఎలా నలుగుతారో చెప్పడానికి ఇదే సాక్ష్యం.

అక్టోబరు 15న మన తపాలా శాఖ అమెరికా సేవలను తిరిగి మొదలుపెట్టింది. కొత్త పద్ధతిలో సుంకాన్ని ఇక్కడే, పార్సిలు ఇచ్చేటప్పుడే కట్టాలి. 2025లో అది ప్రకటించిన వస్తువు విలువలో 50 శాతం. అందులో రవాణా ఖర్చు చేరదు. ఆ తల్లి చీరకు ఆ రేటున లెక్క వేస్తే 12 వేల మీద సుంకం 6 వేలు, దానిపైన తపాలా ఖర్చు.

అయితే పూర్తిగా మూసుకుపోని ఒక చిన్న కిటికీ ఉంది. ఒక వ్యక్తి మరో వ్యక్తికి నిజంగా ఉచితంగా పంపే కానుక, 100 డాలర్ల లోపు అయితే, అంటే సుమారు 9 వేల రూపాయల లోపు అయితే, అమెరికా దానిమీద సుంకం వేయదు. ఈ మాట చాలామందికి తెలియదు. దీని సంగతి తర్వాత చెబుతాము.

ఎందుకు మూశారు?

అగ్రరాజ్యపు దురహంకారం అని ఒక్క మాటలో తేల్చేయడం సులువు. కానీ నిజాయితీగా చూస్తే ఎదుటివారి వైపు కూడా కొంత వాదన ఉంది. 2015లో ఈ వెసులుబాటు కింద అమెరికాలోకి వచ్చిన పార్సిళ్లు 13.9 కోట్లు. 2024 ఆర్థిక సంవత్సరానికి అవి 136 కోట్లకు పెరిగాయి. అందులో అధిక భాగం తల్లులు పంపిన అరిసెలు కావు. చైనా నుంచి వ్యాపార సంస్థలు ఒక్కొక్క చొక్కాను ఒక్కొక్క సంచిలో పెట్టి, సుంకం లేకుండా నేరుగా కొనుగోలుదారు ఇంటికి పంపినవి. అదే చొక్కాను ఓడలో వేలకొద్దీ తెప్పించి సుంకం కట్టి అమ్మే అక్కడి చిన్న దుకాణదారు ఎలా బతకాలి? ఇన్ని కోట్ల సంచుల మధ్య ప్రాణాంతకమైన మత్తుమందులు కూడా దాగి వస్తున్నాయన్నది ఆ ప్రభుత్వం చెప్పిన మరో కారణం.

ఇది ఒక్క అమెరికా ఆలోచన కూడా కాదు. ఆస్ట్రేలియా 2018 జూలై 1 నుంచే వెయ్యి డాలర్ల లోపు విదేశీ కొనుగోళ్ల మీద తన జీఎస్టీని వేస్తోంది. ఐరోపా సమాఖ్య 2021లో చిన్న పార్సిళ్లకున్న విలువ ఆధారిత పన్ను మినహాయింపును తీసేసింది. 150 యూరోల లోపు సరుకుకు ఉన్న సుంకం మినహాయింపును కూడా ఎత్తేయడానికి అక్కడి ఆర్థిక మంత్రులు 2025 నవంబరులో అంగీకరించారు. అమెరికాలోనూ ఇది అధ్యక్షుడి ఉత్తర్వుతో ఆగేది కాదు. 2025 జూలైలో వచ్చిన చట్టమే 2027 జూలై 1 నుంచి వాణిజ్య పార్సిళ్లకు ఈ వెసులుబాటును రద్దు చేస్తోంది. అంటే సుంకం అంకె మారవచ్చు గానీ, పార్సిలు సుంకం లేకుండా సరిహద్దు దాటే కాలం మాత్రం తిరిగి రావడం కష్టం.

మరి మన దేశం? మనం అమెరికాను నిందించే ముందు మన ఇంటి తలుపు కూడా చూసుకోవాలి. విదేశాల నుంచి కానుకగా వచ్చే చిన్న పార్సిళ్లకు సుంకం మినహాయింపు మన దగ్గరా ఉండేది. 2019 డిసెంబరు 12న మన ప్రభుత్వం దాన్ని తీసేసింది. ప్రాణరక్షక మందులకు, రాఖీకి మాత్రమే మినహాయింపు మిగిలింది. మిగతా ఏ కానుకైనా పూర్తి సుంకం కట్టి తీసుకోవలసిందే. కారణం? విదేశీ ఆన్‌లైన్ దుకాణాలు, ముఖ్యంగా చైనావి, అమ్మిన సరుకును "కానుక" అని రాసి లక్షలాదిగా పంపడం. అమెరికా మొన్న చెప్పిన మాట మనం ఆరేళ్ల క్రితమే చెప్పాం.

ఈ రెండు కథల్లో ఒకే పాఠం ఉంది. కానుకలకు, చిన్న పార్సిళ్లకు పెట్టిన దారిని వ్యాపారం ఆక్రమించింది. అబద్ధపు కానుకలు ఎక్కువై నిజమైన కానుకకు చోటు లేకుండా చేశాయి. కొరియర్ దుకాణంలో ఆ అబ్బాయి ఇచ్చిన సలహాను ఈ వెలుగులో మళ్లీ చూడాలి.

భారం ఎవరిది?

సుంకం గురించి ఒక అపోహ ఉంది. ఒక దేశం మరో దేశం మీద సుంకం వేస్తే ఆ రెండో దేశం కడుతుందని చాలామంది అనుకుంటారు. చట్టప్రకారం సుంకం బాధ్యత సరుకు తెప్పించుకునేవాడిది. చివరికి అది అమ్మేవాడు, కొనేవాడు, మధ్యవర్తి ముగ్గురి మధ్యా ఎలాగో పంచబడుతుంది. ఆ ముగ్గురిలో ఎవరు బలహీనులో వారి వాటా పెరుగుతుంది.

నరసాపురం లేసు గురించి మన పాఠకులకు చెప్పనక్కర్లేదు. 19వ శతాబ్దంలో మిషనరీ కుటుంబాల స్త్రీలు గోదావరి తీరాన నేర్పిన ఆ కుట్టుపని తరతరాలుగా పేద కుటుంబాల స్త్రీలకు ఆసరా అయింది. దానికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఇంటి అరుగు మీద కూర్చుని సూదితో అల్లే ఆ స్త్రీకి నెల జీతం లేదు. ముక్కకింత అని కూలి. ఆమె అల్లిన బల్లగుడ్డ అమెరికాలో అమ్ముడయ్యేటప్పుడు భారీ సుంకం పడితే, అక్కడి కొనుగోలుదారు ధర తగ్గించమంటాడు. ఎగుమతిదారు తన లాభం చూసుకుంటాడు. తగ్గేది ముక్క కూలి, లేదా వచ్చే పని. మంగళగిరి, పోచంపల్లి, ఉప్పాడ చీరలను ఫోను ద్వారా విదేశాల్లోని తెలుగువారికి నేరుగా అమ్ముకుంటున్న చిన్న నేతగాళ్లకు, ఏటికొప్పాక, కొండపల్లి బొమ్మలవారికి, ఇంట్లో పచ్చళ్లు పెట్టి అమ్ముకునే ఆడపడుచులకు కూడా ఇదే పరిస్థితి. దళారి లేకుండా కొనుగోలుదారును చేరే దారి వారికి ఇటీవలే దొరికింది. పెద్ద సంస్థకు సుంకం లెక్కలు చూడటానికి ఒక విభాగమే ఉంటుంది. వీరికి ఉన్నది ఒక ఫోను, దగ్గరలో ఒక పోస్టాఫీసు.

కాబట్టి ఇది డాలర్లు సంపాదించేవారి సమస్యే కదా అని కొట్టిపారేయకండి. డల్లాస్‌లో ఒక చీర కొనడం మానేస్తే ఉప్పాడలో ఒక మగ్గం కొంచెంసేపు ఆగుతుంది.

రవాణా లెక్కలో తిరకాసు

సుంకం ఒక్కటే కాదు, పంపే ఖర్చు కూడా మనవారిని తికమక పెడుతోంది. మూడు కిలోల డబ్బాకు ఏడు కిలోల డబ్బు తీసుకున్నారని ఒక సహోదరుడు మాతో వాపోయారు. అది మోసం కాకపోవచ్చు. కొరియర్ సంస్థలు డబ్బా బరువుతోపాటు అది ఆక్రమించే చోటును కూడా లెక్కిస్తాయి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి, వచ్చినదాన్ని సాధారణంగా 5,000తో భాగిస్తారు. 40, 30, 30 సెంటీమీటర్ల డబ్బా అయితే 7.2 కిలోలు వస్తుంది. లోపల ఉన్నవి ఆత్రేయపురం పూతరేకులే అయినా, అసలు బరువు మూడు కిలోలే అయినా, ఏది ఎక్కువో దానికే డబ్బు కట్టాలి. చిన్న డబ్బాలో బిగువుగా సర్దుకుంటే ఖర్చు సగానికి సగం తగ్గే సందర్భాలున్నాయి.

సుంకం ఎవరు కడతారో తేల్చుకోకపోవడం రెండో తిరకాసు. కొన్ని పార్సిళ్లకు పంపేటప్పుడే సుంకం కట్టేస్తాం. కొన్నిటికి అవతల అందుకునేవారు కట్టాలి. రెండో పద్ధతిలో కొరియర్ సంస్థ ముందుగా సుంకం కట్టి, ఆ సొమ్ముతోపాటు తన సేవా రుసుమును కూడా కలిపి బిడ్డ ఇంటికి బిల్లు పంపుతుంది. పిల్లలకు కానుక పంపామనుకుంటాం, వారికి వెళ్లేది బిల్లు. పంపే ముందే ఈ ఒక్క ప్రశ్న అడగాలి: "సుంకం ఇక్కడ కట్టామా, అక్కడ కట్టాలా?"

విదేశాల నుంచి తెప్పించుకునేవారికి లెక్క వేరు. అమెరికాలో సుంకం వస్తువు ధర మీద. మన దేశంలో వస్తువు ధరకు బీమా, రవాణా ఖర్చులు కూడా కలిపిన మొత్తం మీద. అయితే విమానంలో వచ్చే సరుకుకు రవాణా ఖర్చును వస్తువు ధరలో 20 శాతానికి మించి చేర్చకూడదని నియమం ఉంది. 3,000 రూపాయల వస్తువుకు 2,000 రవాణా అయినా, సుంకం లెక్కలోకి అందులో 600 వరకే రావాలి. కస్టమ్స్ సుంకం వేశాక, ఆ మొత్తం మీద మళ్లీ జీఎస్టీ. సొంత వాడకానికి తెప్పించుకునే వస్తువుల మీద ఆ జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18కి తగ్గింది. విదేశీ వ్యాఖ్యాన గ్రంథాలు కొనే సేవకులకు ఒక మాట: 2019 జూలై బడ్జెట్ నుంచి దిగుమతి పుస్తకాల మీద 5 శాతం కస్టమ్స్ సుంకం ఉంది. కార్డుతో డాలర్లలో చెల్లిస్తే బ్యాంకు వేసే మారకం రుసుము దీనికి అదనం. ఇవన్నీ కలిపి చూసుకున్నాకే "కొను" అన్న బొత్తాం నొక్కాలి. గోపురం కట్టబోయేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలని ప్రభువు చెప్పిన ఉపమానం ఇలాంటి చిన్న విషయాలకూ పనికొస్తుంది.

ఆ ఐదొందల అబద్ధం

ఇప్పుడు ఆ తల్లి ప్రశ్నకు వద్దాం. విలువ తగ్గించి రాస్తే తప్పా?

తప్పే. మెత్తగా చెప్పడానికి మాకు వేరే మాట లేదు. పార్సిలు మీద అతికించే ఆ కాగితం ఒక ప్రభుత్వానికి మనం సంతకంతో ఇచ్చే వాంగ్మూలం. అన్యాయమైన సుంకం కదా, అబద్ధం ఆడితే ఏం అనే వాదన మా చెవిన పడింది. సుంకం అన్యాయమని మనం గట్టిగా అనవచ్చు. దాని గురించి రాయవచ్చు, ప్రజాప్రతినిధులను అడగవచ్చు, కొనడం మానుకోవచ్చు. తప్పుడు తూకపు రాయిని మాత్రం సంచిలో పెట్టుకోకూడదు. మత్తయి సుంకపు మెట్టు దగ్గర కూర్చున్నవాడే. బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరకు సుంకరులు వచ్చి ఏం చేయమంటారని అడిగినప్పుడు, ఆయన ఆ పని మానేయమనలేదు, నిర్ణయించినదానికి మించి తీసుకోవద్దన్నాడు. తీసుకునేవాడికి ఆ హద్దు ఉన్నట్లే, ఇచ్చేవాడికీ ఒక హద్దు ఉంది.

లోకజ్ఞానం ప్రకారం చూసినా ఈ అబద్ధం నష్టమే. 12 వేల చీర ఐదు వందలని రాశాక దారిలో పోతే, మీకు వచ్చే పరిహారం ఆ ఐదు వందలకు మించదు. తనిఖీలో దొరికితే పార్సిలు ఆగిపోతుంది, జరిమానా పడవచ్చు. వీసా మీద బతుకుతున్న బిడ్డ పేరు ఆ దేశపు కస్టమ్స్ రికార్డులో చేరుతుంది. కొరియర్ అబ్బాయి సలహా ఉచితమే. దాని ఖరీదు కట్టేది మాత్రం బిడ్డ.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకొకటి. ఆ తల్లి విషయంలో అబద్ధం అవసరమే లేదు. ఆమె స్వయంగా కొన్న గౌను, చేసిన అరిసెలు, ఇతర సామాను మొత్తం 4 వేల రూపాయలు. అది నిజమైన కానుక, 100 డాలర్ల లోపే ఉంది. ఉన్న విలువ ఉన్నట్టు రాస్తే చాలు, చట్టమే దాన్ని వదిలేస్తుంది. ఇంట్లో చేసి, చేసిన మనిషే కానుకగా పంపే తినుబండారాలకు అక్కడి ఆహార శాఖకు ముందస్తు సమాచారం ఇవ్వాలన్న నియమం కూడా లేదు. దుకాణంలో కొన్నవాటికి ఆ నియమం ఉంది. మాంసం, కోడి పచ్చళ్ల జోలికి మాత్రం పోవద్దు. వాటి మీద ఆంక్షలు చాలా కఠినం.

చీర సంగతి వేరు. కూతురు డబ్బిచ్చి కొనుక్కున్నది కొనుగోలే, అమ్మ చేతి మీదుగా వెళ్లినంత మాత్రాన కానుక కాదు. దానికి సుంకం కట్టి పంపవచ్చు. లేదా కూతురు వేసవి సెలవులకు వచ్చినప్పుడు తనతో తీసుకెళ్లవచ్చు. అక్కడ నివసించేవారు ప్రయాణం ముగించి తిరిగి వెళ్లేటప్పుడు, సొంతానికో కానుకగానో కొన్న 800 డాలర్ల వరకు వస్తువులకు సుంకం మినహాయింపు ఇంకా ఉంది. ఈ రెండు దారులూ చెప్పాము. ఆమె రెండోది ఎంచుకున్నారు.

అమెరికా వెళ్తున్న ప్రతివారి పెట్టెలో మన పొట్లాలు దూర్చే అలవాటు గురించీ ఒక మాట. ప్రేమతో చేసే పనే. కానీ లోపల ఏముందో ప్రయాణికుడికి చూపించి, అతనే సర్దుకునేలా చేయండి. తినుబండారాలు ఉన్నాయని అక్కడి అధికారి అడిగితే ఉన్నాయనే చెప్పమనండి. మన పచ్చడి సీసా కోసం మరొకరి బిడ్డ అబద్ధమాడే పరిస్థితి తేవద్దు.

మోసగాళ్లకు ఇది పంటకాలం

సుంకాల గురించి అందరికీ కొంచెం తెలిసి, పూర్తిగా తెలియని ఈ కాలమే మోసగాళ్లకు అదను. "మీ పార్సిలు కస్టమ్స్‌లో ఆగింది, ఈ లింకు నొక్కి చెల్లించండి" అన్న సందేశాలు పెరిగాయి. ఫేస్‌బుక్‌లో పరిచయమైన విదేశీ "సహోదరుడు" మీ సంఘానికి బంగారం, ల్యాప్‌టాపులు, డాలర్లు పంపాననడం, రెండు రోజులకు ఢిల్లీ విమానాశ్రయం నుంచి కస్టమ్స్ అధికారినంటూ ఒక ఆడగొంతు ఫోన్ చేసి 35 వేలు కట్టమనడం, ఇది పాత నాటకమే. మాకూ అలాంటి ఫోన్లు వచ్చాయి. గ్రామాల్లోని సేవకులు, ఒంటరి స్త్రీలు వీటికి చిక్కుతున్నారు. సంఘానికి మేలు జరుగుతుందన్న ఆశతో కట్టారు కాబట్టి సిగ్గుపడి ఎవరికీ చెప్పుకోలేకపోతున్నారు.

గుర్తుంచుకోండి. కస్టమ్స్ శాఖ ఎవరి సొంత ఖాతాకూ డబ్బు పంపమని ఫోనులో అడగదు. ఆ శాఖ పంపే ఉత్తరాల మీద ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది, దాన్ని కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు వెబ్‌సైటులో సరిచూసుకోవచ్చు. మోసపోయామని తెలిసిన వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయండి, ఆలస్యమయ్యే కొద్దీ డబ్బు దొరకడం కష్టమవుతుంది. ఇంకో సంగతి. విదేశాల నుంచి సంఘం పేరునో సంస్థ పేరునో వచ్చే విరాళ వస్తువులు కూడా విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కిందకే వస్తాయి. నిజమైన దాత పంపినా, అనుమతి లేని సంఘం తీసుకుంటే చిక్కే. వద్దని వినయంగా రాయడంలో అవమానమేమీ లేదు.

సంఘాలు ఏం చేయవచ్చు?

ప్రతి సంఘంలోనూ బ్యాంకులోనో, పోస్టాఫీసులోనో, కొరియర్ పనిలోనో ఉన్నవారు ఒకరిద్దరు ఉంటారు. ఈ డిసెంబరులో ఒక ఆదివారం ఆరాధన తర్వాత అరగంట వారికివ్వండి. కస్టమ్స్ కాగితం ఎలా నింపాలో పెద్దవారికి చూపించమనండి. "బట్టలు" అని కాకుండా "నూలు చీర ఒకటి, పిల్లల గౌను ఒకటి" అని విడివిడిగా, విలువతో రాయడం నేర్పించమనండి. ఒకే ఇంట్లో ఇద్దరికి కానుకలు పంపుతుంటే ఒక్కొక్కటి విడిగా చుట్టి, ఎవరిది వారి పేరు, విలువ రాయాలని చెప్పించండి.

విదేశాల్లోని మన బిడ్డలకు ఒక విన్నపం. మీ ఊరి నేతగాడి దగ్గర, పచ్చళ్లు పెట్టే ఆమె దగ్గర కొంటున్నట్టయితే, సుంకం పెరిగిందని ధర తగ్గించమని బేరమాడకండి. కొనలేకపోతే మానండి, లేదా వచ్చినప్పుడు కొనండి. మీ భారంలో సగం వారి మీదకు తోయకండి. ఆమె దగ్గర దాన్ని తోసేందుకు ఇంకెవరూ లేరు.

ప్రభుత్వానికీ చెప్పవలసింది ఉంది. అమెరికాతో సుంకాల చర్చల్లో పెద్ద పరిశ్రమల గొంతు ఎలాగూ వినబడుతుంది. ఇంటి అరుగు మీద లేసు అల్లే స్త్రీ గొంతు కూడా వినబడాలి. ప్రతి జిల్లాలోనూ తపాలా కార్యాలయంలో చిన్న అమ్మకందారులకు తెలుగులో ఈ లెక్కలు వివరించే మనిషి ఒకరుండాలి. అంతకన్నా ముందు, మనమే మూసిన కిటికీని మనం కొంచెం తెరవవచ్చు. ఏడాదికి ఒకటో రెండో నిజమైన కానుకలు, చిన్న విలువవి, బంధువుల నుంచి బంధువులకు సుంకం లేకుండా రానివ్వడం అసాధ్యమేమీ కాదు. రాఖీకి ఆ గౌరవం ఇవ్వగలిగిన దేశం, క్రిస్మస్‌కు, రంజాన్‌కు, సంక్రాంతికి ఒక బిడ్డ పంపే కానుకకూ ఇవ్వగలదు. ఎదుటి దేశాన్ని మనం అడగబోయేది ముందు మనం చేసి చూపిస్తే మన మాటకు బరువుంటుంది.

ఆ తల్లి సోమవారం మళ్లీ కొరియర్ దుకాణానికి వెళ్లారు. చీరను బీరువాలో పెట్టారు. పెద్ద డబ్బా వదిలి చిన్న డబ్బా తీసుకున్నారు. కాగితం మీద వస్తువు వస్తువుకూ ఉన్న ధర రాయించారు. ఖర్చు ముందు అడిగినదానికన్నా బాగా తగ్గిందని ఫోన్ చేసి చెప్పారు. "అరిసెలు మాత్రం కొన్ని మిగిలిపోయాయండీ అయ్యగారూ, డబ్బాలో పట్టలేదు. ఆదివారం సండేస్కూలు పిల్లలకు తెస్తాను" అన్నారు.

ఆ పిల్లలకు పంచే అరిసెలకు సరిహద్దూ లేదు, సుంకమూ లేదు. దూరంగా ఉన్న మన బిడ్డలకు పంపలేనిది దగ్గరలో ఉన్న ఎవరి బిడ్డకైనా ఇవ్వవచ్చునన్న సంగతి ఈ క్రిస్మస్‌కు మనమందరం గుర్తుంచుకుందాం.